రెండు పేర్ల మొక్క

సముద్రాన్ని చూడబోయినవారిలో అలలను చూసి వచ్చేవారే ఎక్కువ. ఆటు వేళ నీరు వెనుకకు తీసినప్పుడు బయటపడే రాళ్ళను చూసి వచ్చేవారు బహు కొద్దిమంది. మేమూ చాలాకాలం మొదటి తరగతికి చెందినవారమే. ఒకనాటి తెల్లవారుజామున విశాఖపట్నంలో లాసన్స్ బే ఒడ్డున, వృక్షశాస్త్రం చదివిన మిత్రుడొకరు మమ్మల్ని చేయి పట్టుకొని రాళ్ళ మీదికి తీసుకొనిపోయేవరకు, అక్కడ పరచుకొని ఉన్న ఊదారంగు పొర ఒక మొక్క అని మాకు తెలియదు. తడిసిన పట్టుగుడ్డ పేలికవలె అది రాతిని కరచుకొని ఉన్నది. వేలితో ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తే దానిలోనుంచి అవతలి సముద్రం మసకగా కనిపించింది. "దీని పేరు పోర్ఫిరా. ఎఱ్ఱనాచుల వర్గానికి చెందినది. బాగా చూసి పెట్టుకోండి, మళ్ళీ వచ్చేసరికి ఉంటుందో ఉండదో" అన్నారు మిత్రులు.

వారన్నట్లే అయినది. కొన్ని నెలల తరువాత అదే చోటికి వెళ్ళి, అదే రాయిని వెదకి పట్టుకొన్నాము. రాయి ఉన్నది, నాచు లేదు. పక్క రాళ్ళ మీదా లేదు. చచ్చిపోయినదా అని అడిగితే మిత్రులు నవ్వి, "ఎక్కడికీ పోలేదు. ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడానికే లోకానికి రెండు వందల ఏండ్లు పట్టింది" అన్నారు. ఆ మాట మమ్మల్ని పుస్తకాల వైపు నడిపించినది. అక్కడ మాకు దొరికిన చరిత్రను శ్రోతలకు విన్నవించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ఒక మొక్క ఏయే చోట్ల పెరుగుతున్నదో గుర్తించి పటం మీద చుక్కలు పెట్టడం పైకి సులభంగా కనిపించే పని. మఱ్ఱిచెట్టు విషయంలో అది సులభమే. నిరుడు ఉన్న చెట్టు ఏడాది తిరిగినా అక్కడే ఉంటుంది. చూసినవాడు ఎవరైనా అది మఱ్ఱి అనే అంటాడు. సముద్రపు నాచుల విషయం అట్లా కాదు. ముందు అది ఏ జాతియో తేల్చుకోవాలి, తరువాత అది ఎక్కడెక్కడ ఉన్నదో చూడాలి. మొదటి పని తప్పితే రెండవ పని కూడా తప్పుతుంది. పేరు తప్పిన మొక్కకు పటం కుదరదు. ఈ సత్యాన్ని పోర్ఫిరా కథ నిరూపించినంత స్పష్టంగా మరొకటి నిరూపించలేదని మా అభిప్రాయం.

1753లో స్వీడన్ దేశపు పండితుడు లినేయస్ లోకంలోని మొక్కలన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెట్టినప్పుడు, యూరపు తీరపు రాళ్ళ మీది ఈ పలుచని నాచును ఉల్వా అనే ప్రజాతిలో చేర్చినాడు. ఉల్వాలు ఆకుపచ్చ నాచులు. ఆకారం ఒకటిగా ఉండడం చేత ఆయనకు రంగు భేదం పెద్దదిగా తోచలేదు. 1824లో అదే దేశపు మరొక పండితుడు అగార్డ్ దీనిని వేరుచేసి పోర్ఫిరా అని పేరు పెట్టినాడు. గ్రీకు భాషలో ఆ మాటకు ఊదా అని అర్థం. ఎఱ్ఱనాచులలోనూ చెట్ల ఆకులలో ఉండే హరితద్రవ్యం ఉన్నది. కాని ఫైకోఎరిత్రిన్ అనే ఎఱ్ఱని ద్రవ్యం దానిని కప్పివేస్తుంది. లోతు నీటిలోనికి చొచ్చుకొనిపోయే నీలి, ఆకుపచ్చ కాంతులను పట్టుకొని మొక్కకు అందించేది ఆ ద్రవ్యమే.

పేరు పెట్టినవారు పండితులు కావచ్చు గాని, ఈ మొక్కను ముందుగా ఎరిగినవారు తీరవాసులు. బ్రిటన్‌లోని వేల్సు ప్రజలు దీనిని లేవర్ అంటారు. గంటల తరబడి ఉడికించి, గుజ్జు చేసి, ఓటు పిండి కలిపి వేయించుకొని తింటారు. చీనావారికి ఇది జీ-త్సాయ్, కొరియావారికి కిమ్, జపానువారికి నోరి. 8వ శతాబ్ది ఆరంభంలో జపాను చక్రవర్తి ప్రభుత్వం అమలుపరచిన తైహో శాసనసంహితలో, పన్నుగా చెల్లించదగిన సముద్రవస్తువులలో నోరి కూడా ఉన్నది. ఒక నాచుతో పన్ను కట్టవచ్చునంటే దాని విలువ ఎంతటిదో ఊహించుకోవచ్చును. నేడు ప్రపంచమంతటా సుషి అనే అన్నపు చుట్టలకు పైచుట్టుగా వాడే నల్లని కాగితంవంటి రేకు ఈ నాచును నూరి, పలుచగా పోసి, ఆరబెట్టినదే.

ఇక రెండవ పేరు సంగతి. 1892లో ఎడ్వర్డ్ బాటర్స్ అనే ఆంగ్ల శైవలశాస్త్రజ్ఞుడు బ్రిటిషు తీరంలోని ఖాళీ గుల్లలను పరీక్షిస్తుండగా, వాటి లోపల గులాబిరంగు మచ్చలు కనిపించినవి. సూక్ష్మదర్శినిలో చూస్తే అవి మచ్చలు కావు. గుల్ల సున్నపుపొరను తొలుచుకొని అల్లుకొన్న సన్నని దారాలు. ఇది కొత్త మొక్క అని నిశ్చయించి ఆయన దానికి కాంకోసెలిస్ రోజియా అని నామకరణం చేసినాడు. అప్పటినుంచి నాచుల జాబితాలలో ఒక పుటలో పోర్ఫిరా, మరొక పుటలో కాంకోసెలిస్ అచ్చు అవుతూ వచ్చినవి. ఒకటి అలలు కొట్టే రాళ్ళ మీద ఊగే పొర. రెండవది వెలుతురు తగ్గిన అడుగునీటిలో గుల్లల లోపల దాగిన దారం. ఒకదానిని వెదికేవారు రాళ్ళ వంక చూసేవారు. రెండవదానిని వెదికేవారు గుల్లలను పగలగొట్టి చూసేవారు. ఇద్దరూ తమ తమ పటాలు తాము గీసుకొన్నారు. ఆ రెండు పటాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలన్న ఆలోచన అర్ధశతాబ్ది దాటినా ఎవరికీ రాలేదు.

ఈలోగా జపానులో ఈ అజ్ఞానానికి మూల్యం చెల్లించుకొంటున్నవారు బెస్తవారు. ఎడో కాలంనుంచి వారు టోకియో అఖాతపు బురదనేలలో చెట్టుకొమ్మలు, వెదురుకొమ్మలు పాతి నోరిని పండించేవారు. తరువాత వెదురు బద్దల తడకలు, ఆపైన వలలు వచ్చినవి. ఆకురాలుకాలంలో వాటిని కట్టి ఎదురుచూడడమే వారి వ్యవసాయం. అదృష్టం బాగుంటే వాటి మీద మొలక పడుతుంది, శీతకాలమంతా కోత. బాగుండకపోతే వలలు బోసిగా ఉండిపోతాయి. విత్తనం ఎక్కడనుంచి వస్తుందో, వేసవి అంతా ఎక్కడ ఉంటుందో, ఒక ఏడు వచ్చి మరొక ఏడు ఎందుకు రాదో ఎవరికీ తెలియదు. అందుకే దానిని వారు అదృష్టపు గడ్డి అన్నారు. మన మెట్టరైతు ఆకాశం వంక చూసినట్లు వారు నీటి వంక చూసేవారు. రైతుకు విత్తనమైనా చేతిలో ఉంటుంది. వారికి అదీ లేదు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాతి సంవత్సరాలలో తుఫానులు తోడై పంట దెబ్బతినడంతో తీరప్రాంతపు కుటుంబాలు చాలా కష్టాల పాలైనవి.

ఆ కష్టాలకు పరిష్కారం జపానులో కాదు, మాంచెస్టరు నగరంలో దొరికినది. కాథ్లీన్ మేరీ డ్రూ 1901లో లాంకషైర్‌లోని లీ అనే ఊరిలో జన్మించినారు. 1922లో మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రంలో ప్రథమశ్రేణిలో పట్టం పొందినారు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు పరిశోధన చేసి వచ్చినారు. 1928లో హెన్రీ రైట్ బేకర్ అనే ఇంజనీరింగు ఆచార్యుని వివాహమాడినారు. వివాహిత స్త్రీలకు ఉద్యోగం ఇవ్వరాదనే ఆనాటి నియమం వలన ఆమె జీతపు కొలువు పోయినది. కొలువు పోయినా పని మానలేదు. గౌరవ పరిశోధకురాలుగా, జీతం లేకుండా, ఎఱ్ఱనాచుల జీవితచక్రాన్ని ఏళ్ళ తరబడి పరిశీలిస్తూనే ఉన్నారు. భర్త ఆమె కొరకు ప్రయోగశాలలో ఆటుపోట్లను అనుకరించే నీటితొట్టిని తయారుచేసి ఇచ్చినాడు. మృతసముద్రతీరపు గుహలో దొరికిన ప్రాచీన రాగిచుట్టను 1955, 1956 సంవత్సరాలలో చెడకుండా కోసి విప్పిన ఇంజనీరు కూడా ఆయనే. దంపతులిద్దరూ మూసి ఉన్నవాటిని విప్పినవారే అని మాకు తోచినది.

పోర్ఫిరా సిద్ధబీజాలను గాజుపాత్రలలో మొలిపించడానికి అంతకుముందు ప్రయత్నించినవారు లేకపోలేదు. బీజం మొలకెత్తేది. కాని వచ్చేది పొర కాదు, సన్నని దారం. కొంతకాలం పెరిగి ఆగిపోయేది. తమ పెంపకంలోనే ఏదో లోపం ఉన్నదని వారు అనుకొన్నారు. డ్రూ మరొక విధంగా ఆలోచించినారు. ఈ దారం తల్లివలె పెరగకపోవడం దాని లోపం కాదేమో, దాని స్వభావమే అదేమో, దానికి కావలసిన నేల మనం ఇవ్వలేదేమో! ఆమె శుద్ధిచేసిన ఆల్చిప్పలను పాత్రలో ఉంచినారు. దారాలు ఆల్చిప్పను తొలుచుకొని లోపలికి పోయినవి. కొన్నాళ్ళకు చిప్ప మీద గులాబిరంగు మచ్చలు తేలినవి. ఆ మచ్చలను ఎరిగినవారెవరైనా వెంటనే చెప్పగలరు, అవి 1892నాటి కాంకోసెలిస్ రోజియా!

రెండు మొక్కలు కావు, ఒకే మొక్క. సీతాకోకచిలుకకు గొంగళిపురుగు ఎట్లాగో, రాతిమీది పొరకు గుల్లలోని దారం అట్లాగు. రాతిమీది పొరలో స్త్రీపురుష బీజకణాలు కలిసి ఏర్పడిన సిద్ధబీజాలు గుల్లలకు చేరి దారమవుతాయి. దారం ఎండకాలమంతా గుల్లలో దాగి బ్రతుకుతుంది. శరత్కాలంలో నీరు చల్లబడి పగళ్ళు కురచ అయినప్పుడు దారంనుంచి మరొక విధమైన బీజాలు వెలువడి, రాళ్ళను పట్టుకొని మళ్ళీ పొరలవుతాయి. ఈ విషయాన్ని ఆమె 1949 అక్టోబరులో నేచర్ పత్రికలో ప్రకటించినారు. ఆ వ్యాసం రెండు పుటలకు మించదు.

డ్రూ ఏనాడూ జపాను వెళ్ళలేదు. ఉత్తరప్రత్యుత్తరాల వలన ఈ సంగతి క్యూషూ విశ్వవిద్యాలయపు శైవలశాస్త్రజ్ఞుడు సోకిచి సెగావాకు చేరినది. జపాను జాతులూ ఇదే విధంగా ప్రవర్తిస్తాయని ఆయన పరీక్షించి తెలుసుకొన్నాడు. కుమామొతో మత్స్యపరిశోధనాలయానికి చెందిన ఫుసావో ఓటా, 1953 నాటికి, గుల్లలలో దారాన్ని పెంచి, వాటినుంచి వెలువడే బీజాలను వలలకు పట్టించే పద్ధతిని సిద్ధంచేసినాడు. మనవైపు నారుమడి ఎట్లాగో వారికి గుల్లల తొట్టి అట్లాగైనది. వసంతంలో ఆల్చిప్పలకు బీజం పట్టించి, దండలుగా గ్రుచ్చి తొట్లలో వ్రేలాడగట్టి, శరత్తులో వలలకు బీజం ఎక్కించి సముద్రంలో కడతారు. విత్తనం రైతు చేతికి వచ్చినది. అదృష్టపు గడ్డి అన్న పేరుకు ఇక అర్థం లేకపోయినది. నేడు ఆ దేశంలో ఏటా వందల కోట్ల నోరి రేకులు తయారవుతున్నాయంటే దానికి మూలం ఈ పద్ధతియే.

1952లో ఏర్పడిన బ్రిటిషు శైవలశాస్త్ర సంఘానికి డ్రూ తొలి అధ్యక్షురాలైనారు. 1957లో, తన పని వలన జపాను తీరంలో కలిగిన మార్పును పూర్తిగా చూడకుండానే, కన్నుమూసినారు. 1963లో కుమామొతో ప్రాంతంలోని ఉతో పట్టణం వద్ద, అరియాకే సముద్రానికి ఎదురుగా ఉన్న సుమియోషి ఉద్యానంలో, నోరి పండించేవారు ఆమెకు స్మారకశిల నిలిపినారు. ఏటా ఏప్రిల్ 14న అక్కడ ఆమె పేర ఉత్సవం జరుపుతారు. సముద్రమాత అని ఆమెను పిలుస్తారు. కొలువు పోయిన ఒక విదుషికి, ఆమె ముఖమైనా ఎరుగని బెస్తవారు ఇచ్చిన ఈ బిరుదు ఏ విశ్వవిద్యాలయపు పట్టానికీ తీసిపోదని మేము అనుకొంటాము.

ఇక మన తీరానికి వద్దాము. భారతతీరపు నాచుల పట్టికను క్రమంగా తయారుచేసే పని 20వ శతాబ్ది మొదటి భాగంలో ఊపందుకొన్నది. మద్రాసులో ఎం.ఓ.పి. అయ్యంగారు 1927లో మన్నారు సింధుశాఖలోని కురుసడై దీవి నాచులను వర్ణించినారు. 1927-28 శీతకాలంలో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు బోర్గెసెన్ మనదేశానికి వచ్చి బొంబాయి, ఓఖా, ద్వారక తీరాలలో నాచులను సేకరించినాడు. ఆంధ్రతీరం ఎక్కువ భాగం ఇసుకనేల కావడంవలన, నాచులు పట్టుకొనడానికి రాళ్ళు ఉన్న విశాఖపట్నం, భీమునిపట్నం ప్రాంతాలకు ప్రత్యేకమైన విలువ ఉన్నది. 1960ల ఆరంభంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు గారలు విశాఖ రాళ్ళ మీది నాచులను ఋతువుల వెంబడి పరిశీలించి, ఇక్కడి పోర్ఫిరాను 1963లో లోకానికి తెలియజేసినారు. వారి పరిశీలనలో మాకు నచ్చిన గుణమేమంటే, ఒకసారి చూసి పట్టిక రాయకపోవడం. బంగాళాఖాతపు నీటిమట్టం ఏటా మార్చి ప్రాంతంలో దిగి, అక్టోబరు, నవంబరు నెలలలో పెరుగుతుంది. దానితోపాటు రాళ్ళ మీది నాచుల బ్రతుకూ మారుతుంది. నెలనెలా వెళ్ళి చూసినవారికే అది అర్థమవుతుంది.

వియత్నాం తీరంలో దొరికి, 1962లో ఆ దేశం పేరుతోనే వర్ణింపబడిన పోర్ఫిరా వియత్నామెన్సిస్ అనే ఉష్ణదేశపు జాతి మనదేశంలో అనేకచోట్ల కలదు. గోవా, కొంకణ తీరాలలో అది జూన్ నుంచి సెప్టెంబరు వరకు, నైరృతి వర్షాల కాలంలో, పోటెత్తిన అలలు కొట్టే రాళ్ళ మీద కనిపిస్తుంది. తరువాత మాయమవుతుంది. కన్యాకుమారి పేరు, ఓఖా పేరు ధరించిన జాతులు కూడా తరువాత మన తీరంనుంచే వర్ణింపబడినవి. ఇప్పుడు శ్రోతలు ఆలోచించాలి. ఏప్రిల్ నెలలో గోవా రాళ్ళను వెదకి, ఏమీ కనిపించక, పటం మీద ఆ చోటును ఖాళీగా వదలిన పరిశోధకుడు అబద్ధం చెప్పినట్లా? తాను చూసినది చూసినట్లే చెప్పినాడు. అయినా పటం తప్పే. మొక్క అక్కడే, ఏదో ఒక గుల్లలో ఉండవచ్చును. పటంలోని చుక్క "ఇక్కడ ఉన్నది" అని ధైర్యంగా చెప్పగలదు. ఖాళీ మాత్రం "ఇక్కడ లేదు" అని చెప్పలేదు. "ఈ నెలలో, ఈ రూపంలో, మాకు కనిపించలేదు" అని మాత్రమే చెప్పగలదు.

రూపాన్ని బట్టి జాతిని నిర్ణయించడంలోని చిక్కు అంతటితో తీరలేదు. ఈ పొరలు చూడడానికి అన్నీ ఒకటే. ఒకే జాతి చోటును బట్టి రంగు, అంచు మార్చుకొంటుంది. వేరువేరు జాతులు కవలలవలె ఉంటాయి. కణాలలోని డి.ఎన్.ఎ.ను చదివి పోల్చే పద్ధతి వచ్చిన తరువాత, 2011లో అనేక దేశాల శాస్త్రజ్ఞులు కలిసి పోర్ఫిరా ప్రజాతిని పలు ప్రజాతులుగా విభజించినారు. జపాను నోరి జాతులు అప్పుడు పైరోపియా అనే ప్రజాతికి మారినవి. 2020లో దానినీ మళ్ళీ విభజించినారు. పాత పుస్తకాలలో పోర్ఫిరా అని ఉన్నదంతా నేటి లెక్కలో పోర్ఫిరా కాదు. అందుచేత పాత పటాలలోని చుక్కలను కొత్త పేర్లతో సరిచూడవలసియున్నది. ఎండబెట్టి కాగితాలకు అంటించి భద్రపరచిన పాత నమూనాల విలువ ఇప్పుడు తెలుస్తున్నది. పేరు ఎన్నిసార్లు మారినా, నమూనా ఉంటే మళ్ళీ పరీక్షించవచ్చును. గుల్లలోని గులాబిమచ్చ ఏ జాతిదో కూడా ఈ పద్ధతివలన చెప్పగలుగుతున్నారు. బాటర్స్ ఒక పేరుతో చూసిన దారాలు ఎన్ని జాతుల సంతానమో నేడు విడివిడిగా గుర్తించడానికి వీలు కలిగినది.

ఇదంతా పండితుల పేచీ అని శ్రోతలు అనుకోరాదు. ఒకప్పుడు టోకియో అఖాతంలో విరివిగా పండి, అసకుసా నోరి అని పేరు పొందిన జాతియే నేడు జపాను ప్రభుత్వపు అంతరించిపోయే మొక్కల పట్టికలో చేరినది. తీరాలను పూడ్చివేయడం దానికి ముఖ్యకారణాలలో ఒకటి. దుకాణాలలో నోరి రేకులు గుట్టలుగా ఉండగా, ఆ పేరు తెచ్చిన జాతి సహజస్థానంలో కొడిగట్టుతున్నది. ఎక్కడ ఎంత మిగిలినదో సరిగా గుర్తించి పటం వేసినందువల్లనే ఈ సంగతి తెలిసినది. గుర్తింపు లేకపోతే అది పోయినట్లు కూడా ఎవరికీ తెలిసేది కాదు.

మన విశాఖ తీరం కూడా ఏనాడు ఎట్లా ఉన్నదో అట్లాగే ఉండేది కాదు. ఓడరేవు పెరిగినది, నగరం సముద్రం అంచుదాకా వచ్చినది, సముద్రజలం వెచ్చబడుతున్నది. 1960ల నాటి పరిశీలన మనకు ఒక కొలబద్ద. ఆనాడు ఏ రాతి మీద ఏమున్నదో రాసి ఉంచినవారు మనకు చేసిన ఉపకారం, ఈనాడు మళ్ళీ వెళ్ళి చూసినప్పుడే ఫలిస్తుంది. కళాశాలలలో వృక్షశాస్త్రం చదివే విద్యార్థులు ఏడాదిలో పన్నెండుమార్లు, ఒకే రాయిని, ఆటు వేళ చూసి వచ్చి, తేదీ వేసి రాసిపెట్టినా అది శాస్త్రానికి సేవయే. రాళ్ళతోపాటు వాటి కింద పడి ఉన్న గుల్లలను కూడా తిప్పి చూడవలెనని మా మనవి.

మేము ఆ తరువాత మరొకసారి లాసన్స్ బేకు వెళ్ళినాము. ఆ రాయి మీద ఈసారీ ఊదారంగు పొర లేదు. వంగి, నీటిగుంటలోనుంచి ఒక పాత ఆల్చిప్పను తీసి ఎండకు పట్టి చూసినాము. లోపలి వైపున అక్కడక్కడ లేత గులాబిరంగు మరకలు ఉన్నవి. అవి మన మొక్కవో, మరే జాతివో సూక్ష్మదర్శిని లేకుండా చెప్పలేము. ఇంతకుముందైతే ఆ చిప్పను పారవేసి వచ్చేవారమే. ఈసారి దానిని పాకెట్టు పుస్తకంలో తేదీ, చోటు రాసుకొని, తడి ఆరకముందే తిరిగి ఆ గుంటలోనే ఉంచి వచ్చినాము.